జయప్రదమని రాసిన ఆపరేషన్లు

దిగుమెరక గ్రామం,
రాజోలు తాలూకా, తూర్పుగోదావరి జిల్లా.
18 మార్చి 1978.

జిల్లా వైద్య, ఆరోగ్యాధికారి వారి సముఖమునకు, కాకినాడ.

అయ్యా,

విషయం: 1976 అక్టోబరులో దిగుమెరక ప్రాథమిక పాఠశాలలో జరిపిన కుటుంబ నియంత్రణ శిబిరం – అందులో జయప్రదమైన ఆపరేషన్ల ఫలితంగా ఇద్దరు బిడ్డలు జన్మించుట – డాక్టరుగారి మాట వలన ఇద్దరు స్త్రీల పరువు పోవుట – విచారణ కోరుట గురించి.

సదరు పాఠశాలలో మూడవ తరగతి చెప్పుచున్న ఉందుర్తి రూతు అను నేను చేసుకొను మనవి ఏమనగా:

1. ఈ అర్జీ పెట్టాలా వద్దా అని నేను ఎనిమిది నెలలు ఆలోచించాను. రెండుసార్లు రాసి చింపాను. తమ శాఖ డాక్టరుగారికి ఒక మనిషిని కోయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన మీద ఫిర్యాదు రాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. కాబట్టి ఇది తొందరపాటుతో రాసినదని మాత్రం తమరు అనుకోనక్కరలేదు. మా ఇద్దరిలో తొందరపడిన మనిషిని నేను కాదు.

2. శిబిరం నాటికి నాకు, సమితి ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నా భర్తకు ముగ్గురు పిల్లలు. ఆ ఏడు ఉద్యోగులకు ఎలాంటి హుకుములు వచ్చాయో తమరికి నేను చెప్పనక్కరలేదు. ఒక్కొక్కరు ఇద్దరేసి మగవాళ్ళను ఆపరేషనుకు తీసుకురావాలి, లేదా తామే బల్ల ఎక్కాలి. తోటి గుమాస్తాలు రేవుల్లోనూ సంతల్లోనూ తిరిగి పడవవాళ్ళను, కూలివాళ్ళను మాటలు చెప్పి తోలుకొచ్చారు. నా భర్త రెండు రోజులు తిరిగి ఎవరినీ అడగలేక ఇంటికి వచ్చారు.

"నా వల్ల కాదు రూతూ. ఇంకొకణ్ణి బలవంతాన లాక్కెళ్ళే కంటే నేనే వెళ్ళి పడుకుంటాను. మనకి ముగ్గురున్నారు, చాలు కదా" అన్నారు.

ఆ మాటకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఈ సంగతి ముందే రాసి పెడుతున్నాను. తరువాత రాయబోయేవి అంత గౌరవంగా ఉండవు.

3. శిబిరం నా తరగతి గదిలోనే పెట్టారు. పిల్లలకు సెలవిచ్చి, బల్లలు రెండేసి జతచేసి, మీద దుప్పట్లు పరిచారు. పేర్లు రాయడానికి చదువుకున్న మనిషి కావాలని నన్ను వరండాలో కూర్చోబెట్టారు. కనుక ఆనాటి జాబితా నా దస్తూరీలోనే ఉంది. తమ కార్యాలయంలో ఎక్కడో ఒక బీరువా అడుగున ఉండే ఉంటుంది.

డాక్టరుగారి ఉద్యోగం గోదావరికి ఇవతల, కాపురం అవతల. పదకొండు గంటలకు వచ్చారు. నాలుగున్నరకు పోయే పంటు పడవ తప్పితే అవతలి ఒడ్డు చేరడం కష్టమని వస్తూనే చెప్పారు. కోయించుకోవడానికి వచ్చినవాళ్ళలో ఎవరికైనా జ్వరమా, జబ్బా అని ఆయన ఒక్కసారి అడగలేదు. పంటు వేళ మాత్రం నన్ను నాలుగుసార్లు అడిగారు. మధ్యాహ్నం ఒక గంట భోజనానికి పోయింది. కోడికూర బాగుందని మెచ్చుకున్నారు. నాలుగింటికి అంతా ముగించారు. జాబితాలో పేర్లు అరవై. నేను చెప్పేది మూడవ తరగతి గనుక భాగహారం నాకు వచ్చును. మనిషికి నాలుగు నిమిషాలు. చేతులు కడుక్కునే సమయం ఈ లెక్కలో కలపలేదు. ఆయన కడుక్కోవడం నేను చూడలేదు.

4. నాలుగింటికి ఇంకా అయిదు నిమిషాలు ఉందనగా డాక్టరుగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఇంకా ఎంతమంది?"

"నలుగురండి."

"అబ్బా! అందరినీ ఒక్కసారే లోపలికి పంపెయ్యండి."

ఆ నలుగురూ ఎవరంటే: యాభై ఏడవ పేరు నా భర్త. యాభై ఎనిమిదో పేరు, అరవై నాలుగేళ్ళ ముసలాయన, భార్య పోయి పదేళ్ళయింది. ఈయన ఆపరేషను నిస్సందేహంగా జయప్రదమైనది. యాభై తొమ్మిది, రేవులో పడవ నడిపే వీరవెంకటరమణ. అరవయ్యో మనిషి పేరు రాయించుకుని, లోపలి నుంచి ఎవరో మూలగడం విని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అయిదు నిమిషాలు గడిచేసరికి నలుగురి పేర్ల ఎదుటా 'జయప్రదము' అని రాసి డాక్టరుగారు సంతకం పెట్టేశారు. సైకిలు మీద పారిపోయిన మనిషికి కూడా ఆపరేషను జయప్రదంగా చేయగలిగిన వైద్యులు తమ శాఖలో ఉండడం జిల్లాకే గర్వకారణం.

లేచినవాళ్ళకు తలా ఒక ధ్రువపత్రం, తలా ఒక ప్లాస్టిక్ బకెట్టు ఇచ్చారు. కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉండాలనీ, మళ్ళీ వచ్చి పరీక్ష చేయించుకోవాలనీ ఒక్కరికీ ఒక్క ముక్క చెప్పలేదు. డాక్టరుగారికి పంటు దొరికింది.

5. మరుసటి ఏడు జూనులో నేను గర్భవతినని తెలిసింది. జూలైలో నేనూ నా భర్తా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి డాక్టరుగారి ఎదుట నిలబడ్డాం. ఆయన ధ్రువపత్రం చూశారు. నన్ను చూడలేదు. నా భర్తను పరీక్షించలేదు.

"జయప్రదమని రాసి ఉంది కదయ్యా" అన్నారు.

"అవునండి. మరి ఈవిడకి మూడో నెలండి" అన్నారు నా భర్త.

"కోసినవాణ్ణి నేను. నా పని నేను సరిగ్గానే చేశాను. తక్కిన సంగతి ఇంట్లో కనుక్కో."

ఆ మాట అని నవ్వారు. ఆయన నవ్వారు గనుక పక్కనున్న కాంపౌండరు కూడా నవ్వాడు. నాడి పట్టకుండా, కాగితం మాత్రం చూసి, ఒక ఆడమనిషి నడవడి ఎలాంటిదో తేల్చి చెప్పగలిగిన వైద్యం తమ శాఖలో తప్ప మరెక్కడా ఉండదని నా నమ్మకం.

తిరిగి వచ్చేటప్పుడు కాలవగట్టు మీద నా భర్త పది అడుగులు ముందు నడిచారు. సగం దారిలో ఆగి, వెనక్కి తిరగకుండానే నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఒక్క వాక్యం. అది ఇక్కడ రాయను. నోరు నా భర్తది గాని, అడిగింది డాక్టరుగారే. పదిహేనేళ్ళు కలిసి బతికిన తరువాత ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తే, చెప్పి మాత్రం ఏం ప్రయోజనం?

6. ఇక ఫిర్యాదు చేయవద్దని చెప్పినవారి వివరం.

నా భర్త: "కాగితం పెడితే నాకు ఆపరేషనైన సంగతి తాలూకా అంతా తెలుస్తుంది. నీ సంగతీ తెలుస్తుంది. ఊరుకుందాం" అన్నారు. 'నీ సంగతి' అన్న మాట గమనించవలెను.

నా అత్తగారు సూరమ్మగారు ఆపరేషను రోజున కొడుక్కి కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టిన మనిషి. ఇప్పుడు నా చేతి వంట మానేసి వేరే కుంపటి పెట్టుకున్నారు. "నేనేమీ అనలేదు కదమ్మా" అంటారు. నిజమే, అనలేదు.

నర్సు సత్యనారాయణమ్మగారు మంచి మనిషి. మా పెరట్లో కూర్చుని గొంతు తగ్గించి చెప్పారు: "వద్దండి పంతులమ్మగారు. ఏం జరిగినా శాఖకి బాధ్యత లేదని ఆ రోజు అందరి చేతా సంతకాలు పెట్టించేరు కదండి. మీరు కాయితం పెడితే ముందు మీ ఆయన ఉద్యోగానికి ఎసరొస్తుంది. డాక్టరుగారికేమవుతుందండి? మహా అయితే బదిలీ. అదీ ఆయన కోరుకుంటున్నదే. అవతలి ఒడ్డుకి."

ఈ ముగ్గురి మాటలూ కాక నా మనసు కూడా వద్దనే చెప్పింది. నేను అర్జీ పెడితే, నా గురించి ఇప్పటిదాకా అనుకోనివాళ్ళు కూడా అనుకోవడం మొదలుపెడతారు. పెట్టకపోతే, ఇప్పటికే అనుకుంటున్నవాళ్ళు అనుకుంటూనే ఉంటారు. అంచేత నోరు మూసుకుని బడికి వెళ్ళి ఎక్కాలు చెప్పుకున్నాను.

7. దసరా సెలవులు అయ్యాక, చిట్టెమ్మ అనే ఆమె బడికి వచ్చింది. ఆమె కూతురు నా తరగతి పిల్లే. ఒళ్ళంతా పైట కప్పుకుని గుమ్మం బయటే నిలబడింది.

"పిల్లకి టి.సి. ఇప్పించండి పంతులమ్మగారండి. మా అమ్మోళ్ళ ఊరు తీసుకెళ్ళిపోతన్నాను."

"ఏడాది మధ్యలో ఎందుకు చిట్టెమ్మా?"

"మా ఇంటాయన పొమ్మన్నాడండి. కడుపు తనది కాదంటన్నాడండి. పద్నాలుగేళ్ళు కాపరం చేసేనండి ఆ మడిసితోటి. ఆస్పత్రోళ్ళిచ్చిన కాయితం తలుపుకి అంటించి, వచ్చినోళ్ళందరికీ సూపిత్తన్నాడండి. గవర్నమెంటోరు అబద్ధం రాత్తారా అంటన్నాడు. నాకు సదువు రాదు కదండి. ఆ కాయితంలో నా గురించి ఏం రాసేరో మీరైనా చెప్పండి."

"నీ గురించి ఏమీ రాయలేదు చిట్టెమ్మా."

"మరి అందరూ అది సదివి నాకేసి సూత్తారెందుకండి?"

మీ ఆయన పేరేమిటని అడిగాను. వీరవెంకటరమణ అంది. యాభై తొమ్మిదవ పేరు. రాసింది నేను. నా భర్త పేరు తరువాత రెండో పేరు. ఆ అయిదు నిమిషాల్లో లోపలికి పంపినవాళ్ళలో కత్తి కిందికి వెళ్ళింది ముగ్గురు. అందులో భార్యలున్నవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరి భార్యలమూ ఏడేసి నెలల కడుపులతో గుమ్మానికి చెరో వైపున నిలబడి ఉన్నాం. ఆమెను ఇంట్లోంచి గెంటారు, నన్ను గెంటలేదు. తేడా అంతే. దానికి కారణం నా మంచితనం కాదు, నా ఉద్యోగం.

8. ఆ రోజు ఇంటికి వెళ్ళి నా భర్తకు అంతా చెప్పాను. "మీరు పరీక్షకు కాకినాడ వెళ్తారా, నేను పిల్లల్ని తీసుకుని మా అన్నయ్యగారి ఊరు వెళ్ళనా?" అని అడిగాను. "నీ గురించి కాదు రూతూ, నా గురించి నలుగురికీ తెలుస్తుందనే భయం" అన్నారు. నేను నమ్మలేదు. ఆయన కూడా నమ్మి అన్నట్టు లేదు.

కాని ఆ వచ్చే ఆదివారం, చర్చిలో ఆరాధన అయ్యాక, ఆయన తిన్నగా రేవుకు నడిచారు. నేను గట్టు మీద ఆగిపోయాను. వీరవెంకటరమణ పడవకు తారు పూస్తున్నాడు. చుట్టూ పడవవాళ్ళు పది మంది దాకా ఉన్నారు.

"రమణా, ఆ రోజు నీతో పాటు ఆఖర్న లోపలికెళ్ళిన వాళ్ళలో నేనూ ఉన్నాను" అన్నారు నా భర్త.

"ఆయ్, గుర్తుందండి గుమాస్తాగారు."

"నాకూ కాయితం ఇచ్చేరు. మా ఇంటావిడకీ ఇప్పుడు ఏడో నెల."

పడవవాళ్ళందరూ చేతిలో పని ఆపేశారు. గట్టు మీదున్న నాకేసి కొందరు చూశారు. వీరవెంకటరమణ కుంచె కింద పెట్టాడు.

"మరి మీరేం చేసేరండి?"

"నువ్వు అడిగిందే అడిగాను. నువ్వు పదిమందిలో అడిగావు, నేను దారిలో అడిగాను. చదువుకున్నవాణ్ణి కదా. రేపు పొద్దున్నే కాకినాడ పోదాం పద. డాక్టరు కత్తి తప్పిందో, మన బుద్ధి తప్పిందో తేల్చుకుందాం."

తన ఆపరేషను సంగతి ఎవరికీ తెలియకూడదని ఏడాది పాటు భయపడిన మనిషి, పది మంది మగవాళ్ళ ముందు ఆ మాట అన్నారు. దీనిని కూడా రికార్డులో చేర్చుకోవలెను.

9. ఇద్దరూ ముక్తేశ్వరం రేవు దాటి, కోటిపల్లిలో బస్సెక్కి, రామచంద్రపురం మీదుగా కాకినాడ వెళ్ళి పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకున్నారు. అది ఎలాంటి పరీక్షో తమరికి తెలియును, నేను రాయను. అక్కడి డాక్టరుగారు ఇద్దరినీ విడివిడిగా అరగంటేసి చూశారట. అరగంట! మా ఊళ్ళో ఆ సమయానికి ఏడుగురిని కోసేవారు. నా భర్తకు ఒక వైపు మాత్రమే కోసి రెండో వైపు వదిలేశారని, వీరవెంకటరమణకు పైచర్మం కోసి కుట్టేయడం తప్ప లోపల ఏమీ చేయలేదని, ఇద్దరూ పిల్లల్ని కనగలిగిన స్థితిలోనే ఉన్నారని రాసి ఇచ్చారు. ఆ రెండు కాగితాల నకళ్ళు ఈ అర్జీకి జతపరిచాను.

వీరవెంకటరమణ కాగితం జేబులో పెట్టుకుని, నా భర్తను కూడా రమ్మని బతిమాలి, అత్తవారింటికి వెళ్ళాడు. చిట్టెమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తూ అతను చెప్పిందంతా వింది. ఆమె అన్నది నా భర్త వచ్చి చెప్పారు:

"మొన్న కాయితం సూసి పొమ్మన్నావు. ఇయ్యాల కాయితం సూసి రమ్మంటన్నావు. రేపు ఇంకో కాయితం వత్తేనో?"

ఆమె రాలేదు. జనవరిలో అక్కడే మగపిల్లవాణ్ణి కన్నది. వీరవెంకటరమణ ప్రతి ఆదివారం చేపలు పట్టుకెళ్తాడు. ఆమె చేపలు తీసుకుంటుంది. అతన్ని ఇంకా కూర్చోమనలేదు.

నాకు కూడా జనవరిలోనే ఆడపిల్ల పుట్టింది. తమ శాఖవారి ఆ విజయానికి ఇప్పుడు రెండు నెలలు నిండి, ఇది రాస్తున్న సమయంలో నా ఒడిలో పాలు త్రాగుచున్నది. నా భర్త తన తప్పు క్షమించమని నన్ను అడిగారు. ఆ దరఖాస్తు నా పరిశీలనలో ఉన్నది.

10. ఇంతా అయ్యాక కూడా ఊరుకునేదాన్నే. నిజం తేలిపోయింది కదా, ఇంకా ఈ కాగితాలెందుకని అందరూ అన్నారు. అయినా ఒక్కసారి డాక్టరుగారి నోటితోనే ఒక మాట విని, దానితో సరిపెట్టుకుందామని, పోయిన నెలలో పిల్లను ఎత్తుకుని, రెండు నివేదికలూ పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. ఆయన చదివారు.

"వెయ్యిలో ఒకటి ఇలా తప్పుతుందమ్మా. పుస్తకాల్లోనే ఉంది" అన్నారు.

వెయ్యిలో ఒకటి మా ఊళ్ళో అయిదు నిమిషాల్లో రెండుసార్లు వచ్చింది. ఆ పుస్తకాలు రాసినవారు మూడవ తరగతి సరిగ్గా చదివినట్టు లేదు.

"పిల్ల లక్షణంగా ఉంది కదా, ఇంకేం కావాలి నీకు?" అన్నారు.

"నాకేమీ వద్దండి. ఆ రోజు మీరన్న మాట వెనక్కి తీసుకోండి, చాలు."

"ఏ మాటమ్మా?"

ఆయన బుకాయించలేదు. ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది, నిజంగానే ఆయనకు గుర్తు లేదు. నన్ను ఎనిమిది నెలలు నిద్రపోనివ్వని మాట ఆయనకు గుర్తు లేదు. చెప్పబోయి మానేశాను. అది మళ్ళీ నా నోటితో చెప్పి ఆయనకు గుర్తుచేయడమా! బల్ల మీది కాగితాలు తీసుకుని వచ్చేశాను. ఫిర్యాదు చేయాలా వద్దా అన్న ఆలోచన నాకు అక్కడితో తీరిపోయింది.

11. కనుక నేను కోరునది:

(అ) సదరు డాక్టరుగారు ఒక ఆదివారం మా బడి వరండాలో నిలబడి, మా అత్తగారు, చిట్టెమ్మ పుట్టింటివారు, రేవు జనం వింటుండగా, ఆపరేషన్లు తప్పాయని, తప్పింది తన వల్లనని చెప్పవలెను. రెండు వాక్యాలు. పంటు వేళకు ముందే ముగించవచ్చును.

(ఆ) జాబితాలో నా భర్త పేరు ఎదుట, వీరవెంకటరమణ పేరు ఎదుట, సైకిలు మీద వెళ్ళిన మనిషి పేరు ఎదుట 'జయప్రదము' అన్న మాట కొట్టివేయవలెను.

(ఇ) మిగిలినవారిని కూడా పిలిపించి పరీక్ష చేయించవలెను. ముసలాయనను వదిలేయవచ్చు. తక్కిన యాభై ఆరుగురి ఇళ్ళల్లో ఇలాంటి ప్రశ్న విని నోరు మూసుకున్న ఆడవాళ్ళు ఎందరున్నారో తమరికీ తెలియదు, నాకూ తెలియదు. నేను చిట్టెమ్మను చూసేదాకా, అలాంటిదాన్ని నేనొక్కర్తినే అనుకున్నాను.

నష్టపరిహారం కోరలేదు. పోయినది తమ ఖజానాలో దొరికేది కాదు. సంతకాలు పెట్టించుకున్న కాగితం అడ్డమొస్తుందని తమరు రాయదలిస్తే, ఆ కాగితం మీద ఉన్నవి మగవాళ్ళ సంతకాలని మనవి చేసుకుంటున్నాను. చిట్టెమ్మ దాని మీద వేలిముద్ర వేయలేదు. నేనూ సంతకం చేయలేదు. డాక్టరుగారు మమ్మల్ని ఏమైనా అనవచ్చునని మేమెవ్వరికీ రాసివ్వలేదు.

ఇక్కడ 'చిత్తగించవలెను' అని రాయడం రివాజు. చిత్తగించి ఊరుకోవద్దని, కదలవలెనని నా ప్రార్థన.

విధేయతతో ఇన్నాళ్ళు ఊరుకున్న,
ఉందుర్తి రూతు,
మూడవ తరగతి ఉపాధ్యాయిని,
దిగుమెరక.

తా.క. చిట్టెమ్మ పేరు ఇందులో రాయవచ్చా అని ఆమె దగ్గరికి వెళ్ళి అడిగాను. "రాయండి పంతులమ్మగారండి, పెద్దచ్చరాలతో రాయండి" అంది.

అర్జీ కవరులో పెట్టబోతుండగా నా భర్త అడిగి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. కాలవగట్టు దగ్గరా, రేవు దగ్గరా ఆగి రెండేసి సార్లు చదివారు. ఆయన ఉద్యోగానికి ఏమైనా ముప్పు వస్తుందేమోనని ఇందులో నేనెక్కడా ఆయన పేరు రాయలేదు. చదవడం పూర్తయ్యాక, "ఇంతమంది పేర్లున్నాయి, నాది లేదేం?" అన్నారు. నేనేమీ అనకముందే కలం తీసుకుని కింద రాశారు. అక్షరాలు వంకరగా పడ్డాయి. మామూలుగా అయితే దిద్దేదాన్ని. ఇది దిద్దకుండా పంపిస్తున్నాను.

పై అర్జీలో రాసినదంతా నిజం. నా గురించి రాసినది కూడా నిజం.
ఉందుర్తి వరప్రసాదం, గుమాస్తా.
రూతు భర్త.